జుబిమెండి వచ్చాడు సరే.. మరి రైస్ ఎక్కడ ఆడాలి? ఆర్సెనల్ ఫ్యాన్స్ మధ్య నడుస్తున్న గొడవ ఇదీ!

టీమ్‌లోకి కొత్త మిడ్‌ఫీల్డర్ వచ్చాడంటే ఫ్యాన్స్‌కి పండగే. ఆర్సెనల్ ఫ్యాన్స్‌కీ పండగే.. కాకపోతే పండగ రోజే ఇంట్లో వాదన మొదలైంది. స్పెయిన్ మిడ్‌ఫీల్డర్ మార్టిన్ జుబిమెండి రాకతో నార్త్ లండన్ పబ్బుల్లోనూ, అర్ధరాత్రి దాకా మేలుకుని మ్యాచ్‌లు చూసే మన కుర్రాళ్ల వాట్సాప్ గ్రూపుల్లోనూ ఒకటే ప్రశ్న. జుబిమెండి ఆడితే డెక్లాన్ రైస్ ఎక్కడ? రైస్ వెనక ఆడితే జుబిమెండి ఎందుకు? ఫార్మేషన్ 4-3-3నా? లేక 4-2-3-1నా?

వినడానికి ఇది టైంపాస్ చర్చలా అనిపిస్తుంది. కానీ 2025 వేసవి నాటికి ఆర్సెనల్ 2003-04 తర్వాత ఇంగ్లిష్ ప్రీమియర్ లీగ్ గెలవలేదు. 2022-23 నుంచి 2024-25 వరకు మూడు సీజన్లలోనూ రెండో స్థానంతోనే సరిపెట్టుకుంది. కాబట్టి ఈ ప్రశ్నకు వచ్చే జవాబు మీదే కోచ్ మికెల్ ఆర్టెటా 2025-26 సీజన్ లెక్క చాలావరకు ఆధారపడింది. ఇంతకీ ఈ గొడవేంటి? ఎవరి వాదనలో ఎంత పస ఉంది? వివరంగా చూద్దాం.

ముందు నంబర్ల సంగతి తెలుసుకోవాలి

ఫుట్‌బాల్ ఫ్యాన్స్ మాట్లాడుకునేటప్పుడు 'సిక్స్', 'ఎయిట్', 'టెన్' అనే మాటలు తరచూ వినిపిస్తాయి. ఇవి జెర్సీ నంబర్లు కావు. గ్రౌండ్‌లో చేసే పనికి పెట్టిన పేర్లు.

సిక్స్ అంటే డిఫెండర్లకు సరిగ్గా ముందు నిలబడే మిడ్‌ఫీల్డర్. వెనక నుంచి వచ్చే బంతిని అందుకుని ముందుకు పంపడం, ప్రత్యర్థి దాడిని మధ్యలోనే తుంచేయడం అతని డ్యూటీ. ఎయిట్ అంటే రెండు పెనాల్టీ బాక్సుల మధ్య తిరిగే ఆటగాడు. అవసరమైతే వెనక్కి వస్తాడు, ఛాన్స్ దొరికితే గోల్ దాకా వెళ్తాడు. టెన్ అంటే స్ట్రయికర్ వెనకే ఉండి అవకాశాలు సృష్టించేవాడు.

క్రికెట్‌లో చెప్పాలంటే ఇది బ్యాటింగ్ ఆర్డర్ లాంటిది. రోహిత్ శర్మ మిడిలార్డర్‌లో ఆడినన్నాళ్లూ ఒక రకం.. 2013లో వన్డేల్లో ఓపెనర్‌గా కుదురుకున్నాక పూర్తిగా వేరే రకం. బ్యాట్ అదే, మనిషీ అతనే. మారింది స్థానం ఒక్కటే. మిడ్‌ఫీల్డ్‌లో కూడా అంతే. పది మీటర్లు ముందుకు జరిగితే ఆటగాడి పనే మారిపోతుంది. అతను వదిలేసిన చోటు ఎవరు చూసుకుంటారన్న సమస్య కూడా అప్పుడే మొదలవుతుంది.

రైస్‌ని సిక్స్ అని కొన్నారు.. ఎయిట్ చేశారు!

2023 జూలైలో వెస్ట్ హామ్ నుంచి రైస్‌ని ఆర్సెనల్ తీసుకుంది. బోనస్‌లతో కలిపి 10 కోట్ల 50 లక్షల పౌండ్ల డీల్ అది. అప్పుడు కూడా ఇదే చర్చ నడిచింది. అప్పటికి టీమ్‌లో సిక్స్‌గా థామస్ పార్టే ఉన్నాడు. ఎడమవైపు ఎయిట్‌గా ఆడిన గ్రానిట్ జాకా లెవర్కూసెన్‌కి వెళ్లిపోయాడు. రైస్ ఎవరి ప్లేస్‌లో ఆడతాడన్నది అప్పటి సస్పెన్స్.

2023-24 సీజన్ మొదట్లో రైస్ ఎక్కువగా సిక్స్‌గానే ఆడాడు. ఎడమ ఎయిట్‌గా కాయ్ హావెర్ట్జ్‌ని ప్రయత్నించారు. సీజన్ సగం దాటాక ఆర్టెటా ప్లాన్ మార్చాడు. చాలా మ్యాచ్‌ల్లో జోర్జిన్యోని వెనక నిలబెట్టి, రైస్‌ని ఎడమ ఎయిట్‌గా ముందుకు పంపాడు. హావెర్ట్జ్‌ని స్ట్రయికర్ చేశాడు. 2024 జనవరి నుంచి మే వరకు ఆడిన 18 లీగ్ మ్యాచ్‌ల్లో ఆర్సెనల్ 16 గెలిచింది. ఒక్కటి ఓడింది, ఒక్కటి డ్రా. ఈ మార్పు ఒక్కటే దానికి కారణమని చెప్పలేం. కానీ రైస్ ముందుకు వెళ్తే టీమ్ బలహీనపడుతుందన్న భయం మాత్రం ఆ అయిదు నెలల్లో పోయింది. ఆ సీజన్ లీగ్‌లో రైస్ 7 గోల్స్ కొట్టి, 8 అసిస్ట్‌లు ఇచ్చాడు.

ఇక 2025 ఏప్రిల్ 8 రాత్రిని ఏ ఆర్సెనల్ ఫ్యానూ మర్చిపోడు. ఛాంపియన్స్ లీగ్ క్వార్టర్ ఫైనల్ తొలి లెగ్‌లో రియల్ మాడ్రిడ్‌పై రైస్ రెండు డైరెక్ట్ ఫ్రీకిక్ గోల్స్ కొట్టాడు. అంతకుముందు కెరీర్‌లో అలాంటి గోల్ ఒక్కటీ లేదు. ఆ మ్యాచ్ 3-0తో ఆర్సెనల్‌ది. 'ఇలాంటోణ్ని డిఫెండర్ల ముందు కాపలా పెడతామా?' అనే వర్గానికి ఆ రాత్రి పెద్ద ఆధారం దొరికింది.

మరి ఎక్కడ దెబ్బతింది?

అదే నెల చివర్లో రెండో వర్గానికీ ఓ ఆధారం దొరికింది. సెమీఫైనల్ తొలి లెగ్‌లో పీఎస్‌జీతో మ్యాచ్‌కి పార్టే సస్పెన్షన్‌తో దూరమయ్యాడు. దాంతో రైస్ మళ్లీ కిందికి దిగాడు. అంతకుముందు కొన్నాళ్లుగా స్ట్రయికర్‌గా ఆడుతున్న మెరీనో మిడ్‌ఫీల్డ్‌కి వచ్చాడు. నాలుగో నిమిషంలోనే డెంబెలే గోల్ కొట్టేశాడు. మొదటి 20 నిమిషాల పాటు పీఎస్‌జీ మిడ్‌ఫీల్డ్ ఆర్సెనల్‌కి బంతి చిక్కనివ్వలేదు. ఆ మ్యాచ్ 0-1తో, రెండో లెగ్ 1-2తో పోయాయి.

అంటే ఒక్క సిక్స్ లేకపోతే ఏకంగా ముగ్గురి పాత్రలు మారిపోయాయి. ఆ రోజు ఆర్సెనల్‌కి మంచి ఆటగాళ్లు లేకపోవడం కాదు సమస్య. ఉన్న మంచి ఆటగాళ్లు తమ చోట్లలో లేరు.

లీగ్‌లో ఇంకో రకం సమస్య. ఈ అంకెలు చూడండి.

2022-23: 84 పాయింట్లు, 88 గోల్స్ కొట్టింది, 43 ఇచ్చుకుంది.

2023-24: 89 పాయింట్లు, 91 గోల్స్ కొట్టింది, 29 ఇచ్చుకుంది.

2024-25: 74 పాయింట్లు, 69 గోల్స్ కొట్టింది, 34 ఇచ్చుకుంది.

ఒక్క ఏడాదిలో 22 గోల్స్ తగ్గాయి. 2024-25లో ఆర్సెనల్ ఓడింది 4 మ్యాచ్‌లే. కానీ 14 డ్రాలు! 84 పాయింట్లతో లివర్‌పూల్ ట్రోఫీ ఎగరేసుకుపోయింది. సాకా, ఓడెగార్డ్, హావెర్ట్జ్ గాయాలు, సీజన్ మొదట్లో వరసగా పడిన రెడ్ కార్డులు.. ఇవన్నీ కారణాలే. వాటితో పాటు ఫ్యాన్స్ పదే పదే చెప్పిన ఫిర్యాదు ఒకటుంది. బంతి వెనక నుంచి ముందుకు రావడానికి చాలా టైమ్ పడుతోంది. ఈలోగా ప్రత్యర్థి టీమ్ మొత్తం గోల్ ముందు గోడ కట్టేస్తోంది. ఇక ఆ గోడ చుట్టూ అటూ ఇటూ పాస్‌లు ఇచ్చుకోవడమే మిగులుతోంది.

జుబిమెండి తెచ్చేదేంటి?

సరిగ్గా ఈ జబ్బుకి మందుగానే జుబిమెండిని తెచ్చారు. స్పెయిన్‌లోని సాన్ సెబాస్టియన్ అతని ఊరు. రియల్ సోసియేడాడ్ అకాడమీలో పెరిగి, ఆ క్లబ్‌కే ఆడాడు. 2024లో లివర్‌పూల్ నుంచి పిలుపు వచ్చినా వద్దనుకుని సొంత క్లబ్‌లోనే ఉండిపోయాడు. ఏడాది తర్వాత, 2025 జూలైలో ఆర్సెనల్‌కి వచ్చాడు. ఆర్టెటాదీ అదే ఊరు. ఆర్టెటా, మెరీనో, ఓడెగార్డ్.. ముగ్గురూ కెరీర్‌లో ఒక దశలో సోసియేడాడ్ జెర్సీ వేసుకున్నవాళ్లే.

విచిత్రం ఏంటంటే జుబిమెండి, రైస్ ఇద్దరిదీ దాదాపు ఒకే వయసు. పుట్టిన తేదీల మధ్య తేడా 19 రోజులు. 2024 యూరో ఫైనల్‌లో ఇద్దరూ ఎదురుబొదురుగా ఆడారు. స్పెయిన్ సిక్స్ రోడ్రి గాయంతో హాఫ్ టైమ్‌కి వెళ్లిపోతే, అతని ప్లేస్‌లో జుబిమెండి దిగాడు. అంత పెద్ద మ్యాచ్‌లో అంత పెద్ద ఆటగాడు పోయినా స్పెయిన్ తడబడలేదు. ఇంగ్లండ్‌పై 2-1తో కప్ కొట్టేసింది. ఇంగ్లండ్ మిడ్‌ఫీల్డ్‌లో అప్పుడు ఉన్నది రైసే.

వయసు ఒకటే అయినా ఆట మాత్రం వేరు. రైస్ బంతిని తనతో తీసుకెళ్తాడు. పెద్ద పెద్ద అంగలతో 30 మీటర్లు పరిగెత్తి ముందుకు మోసుకుపోతాడు. జుబిమెండి బంతినే పరిగెత్తిస్తాడు. ప్రత్యర్థి మీద పడుతున్నా కంగారు పడకుండా బంతి అందుకుని, శరీరాన్ని సగం తిప్పి, గీత దాటించి ముందుకు పాస్ ఇస్తాడు. సిక్స్‌కి కావాల్సిన మొదటి లక్షణం అదే. ఎందుకంటే సిక్స్ తిరగలేకపోతే బంతి మళ్లీ సలీబా దగ్గరికో గాబ్రియేల్ దగ్గరికో వెనక్కి పోతుంది. అక్కడి నుంచి పక్కకి. ఈలోపు ఎదుటివాళ్ల గోడ రెడీ!

వాదన 1: జుబిమెండి సిక్స్, రైస్ ఎయిట్

ఎక్కువమంది మొగ్గు ఇటే. 4-3-3లో వెనక జుబిమెండి, ఎడమవైపు రైస్, కుడివైపు కెప్టెన్ ఓడెగార్డ్. వెనక నుంచి బంతి వేగంగా వస్తుంది. రైస్ బాక్స్‌లోకి పరుగులు తీయొచ్చు. బంతి పోతే మళ్లీ తిరిగొచ్చి పట్టుకునే కాళ్లు అతనికి ఉన్నాయి. ఎడమవైపు మార్టినెల్లికీ ఒక తోడు దొరుకుతుంది.

దీనిలో రిస్క్ లేకపోలేదు. రైస్, ఓడెగార్డ్ ఇద్దరూ ముందుకెళ్లిన టైమ్‌లో బంతి పోయిందనుకోండి. మధ్యలో అంత పెద్ద మైదానాన్ని జుబిమెండి దాదాపు ఒంటరిగా చూసుకోవాలి. అతను తెలివితో ఆడే మనిషి, వేగంతో కాదు. స్పెయిన్ లీగ్ కంటే ఇంగ్లండ్‌లో కౌంటర్ ఎటాక్‌లు దూకుడుగా ఉంటాయి. అక్కడ నిలబడతాడా అన్నది ఈ వర్గం కూడా గట్టిగా చెప్పలేకపోతున్న విషయం.

వాదన 2: ఇద్దరూ పక్కపక్కనే

రెండో వర్గం 4-2-3-1 అడుగుతోంది. డిఫెన్స్ ముందు రైస్, జుబిమెండి జంటగా. వాళ్ల ముందు టెన్‌గా ఓడెగార్డ్. ఒకరు వెళ్తే ఇంకొకరు ఉంటారు. కౌంటర్ ఎటాక్ భయం తగ్గుతుంది. పైగా ఓడెగార్డ్‌కి గోల్ దగ్గరగా ఆడే ఛాన్స్. ఇది చిన్న విషయం కాదు. లీగ్‌లో ఓడెగార్డ్ గోల్స్ 2022-23లో 15, తర్వాత 8, 2024-25లో 3. చీలమండ గాయం ఒక కారణమైతే, బంతి కోసం మరీ కిందికి రావాల్సి రావడం ఇంకో కారణమని ఈ వర్గం వాదన.

కానీ ఇక్కడా ఒక చిక్కుంది. 14 డ్రాలు చేసుకున్న టీమ్‌కి కొరత ఎక్కడ? ఎటాక్‌లో. మరి రైస్ లాంటి పరుగు తీసేవాణ్ని వెనక కట్టేస్తే గోల్ ముందు ఒక మనిషి తగ్గుతాడు. గోడ కట్టుకుని కూర్చునే చిన్న టీమ్‌లపై ఇద్దరు కాపలాదారులు దేనికి అన్న ప్రశ్నకి ఈ వర్గం దగ్గర సరైన జవాబు లేదు.

అసలు కాగితం మీది ఫార్మేషన్ గ్రౌండ్‌లో ఉంటుందా?

ఉండదు. ఈ గొడవలో చాలామంది మర్చిపోతున్న పాయింట్ ఇదే. మ్యాచ్ ముందు స్క్రీన్ మీద చూపించే 4-3-3 కిక్కాఫ్ వరకే. ఆర్సెనల్ చేతిలో బంతి ఉన్నప్పుడు ఎడమ డిఫెండర్ తరచూ మిడ్‌ఫీల్డ్‌లోకి వచ్చేస్తాడు. మొదట్లో జించెంకో చేసిన ఈ పనిని 2024-25లో కుర్రాడు మైల్స్ లూయిస్-స్కెల్లీ చేశాడు. అప్పుడు షేప్ 3-2-5 అవుతుంది. వెనక ముగ్గురు, మధ్యలో ఇద్దరు, ముందు అయిదుగురు. బంతి ఎదుటివాళ్ల దగ్గర ఉన్నప్పుడు ఓడెగార్డ్ ముందుకెళ్లి స్ట్రయికర్ పక్కన ప్రెస్ చేస్తాడు. అప్పుడది 4-4-2. ఆ సమయంలో రైస్, సిక్స్ ఇద్దరూ ఎలాగూ పక్కపక్కకే వచ్చేస్తారు.

అంటే రెండో వర్గం అడుగుతున్న జంట కాపలా బంతి లేనప్పుడు ఇప్పటికే ఉంది. మొదటి వర్గం అడుగుతున్న స్వేచ్ఛ బంతి ఉన్నప్పుడు దొరుకుతుంది. అసలు తేల్చాల్సింది ఒక్కటే. 3-2-5లో ఆ మధ్య 'ఇద్దరు' ఎవరు? జుబిమెండి పక్కన లెఫ్ట్ బ్యాక్ నిలబడితే రైస్ ఆ ముందు అయిదుగురిలో ఒకడవుతాడు. లెఫ్ట్ బ్యాక్ లైన్ పట్టుకుని ముందుకెళ్తే రైస్ వెనక ఉండాల్సిందే. కాబట్టి రైస్ స్థానాన్ని తేల్చేది జుబిమెండి ఒక్కడే కాదు.. లెఫ్ట్ బ్యాక్‌గా ఎవర్ని దింపుతారన్నది కూడా!

ఎవరి సీటు పోతుంది?

కొత్తవాడు వస్తే పాతవాడు జరగాలి. పార్టే, జోర్జిన్యో ఇద్దరూ క్లబ్ వదిలి వెళ్లారు కాబట్టి సిక్స్ కుర్చీ ఖాళీగానే ఉంది. బ్రెంట్‌ఫోర్డ్ నుంచి వచ్చిన క్రిస్టియన్ నోర్గార్డ్ బ్యాకప్‌గా ఉంటాడు. ఇబ్బంది మిగతా ఇద్దరికి.

మొదటివాడు మెరీనో. రైస్ ఎడమ ఎయిట్ అయితే అతని సహజ స్థానం పోయినట్టే. గాయాల టైమ్‌లో స్ట్రయికర్‌గా ఆడి టీమ్‌ని ఆదుకున్నాడు. కానీ 2025 వేసవిలో స్ట్రయికర్‌గా విక్టర్ గ్యోకెరెస్ వచ్చాడు. రెండోవాడు కుర్రాడు ఈథన్ న్వానేరి. 2022లో 15 ఏళ్ల 181 రోజుల వయసులో బరిలోకి దిగి ప్రీమియర్ లీగ్‌లోనే అతి పిన్న వయస్కుడిగా రికార్డు కొట్టినవాడు. ముగ్గురు సీనియర్లు మిడ్‌ఫీల్డ్‌లో కుదురుకుంటే ఈ కుర్రాడికి నిమిషాలు ఎక్కడ దొరుకుతాయి? అకాడమీ పిల్లల్ని ప్రాణంగా చూసుకునే ఫ్యాన్స్‌కి ఇదే అసలు బాధ.

చరిత్ర ఏం చెబుతోంది?

సిక్స్‌ని తక్కువ అంచనా వేసినవాళ్లు దెబ్బతిన్నారు. 2003లో రియల్ మాడ్రిడ్ బెక్‌హామ్‌ని తెచ్చుకుంది. అదే వేసవిలో డిఫెన్స్ ముందు కాపలా కాసే క్లాడ్ మకెలెలేని చెల్సీకి వదిలేసింది. ఆ సీజన్ చివరి అయిదు లీగ్ మ్యాచ్‌లూ ఓడి మాడ్రిడ్ నాలుగో స్థానానికి పడిపోయింది. మకెలెలే ఉన్న చెల్సీ 2004-05లో లీగ్ మొత్తం మీద 15 గోల్స్ మాత్రమే ఇచ్చి, 95 పాయింట్లతో ఛాంపియన్ అయింది.

మంచి ఆటగాళ్లందర్నీ ఒకే లైన్‌లో ఇరికించినవాళ్లూ దెబ్బతిన్నారు. 2004 యూరోలో ఇంగ్లండ్ దగ్గర జెరార్డ్, లాంపార్డ్, స్కోల్స్ ముగ్గురూ ఉన్నారు. జెరార్డ్, లాంపార్డ్‌ని మధ్యలో ఆడించడం కోసం స్కోల్స్‌ని ఎడమవైపుకు తోసేశారు. క్వార్టర్ ఫైనల్‌లో పోర్చుగల్ చేతిలో పెనాల్టీల్లో ఇంటిదారి పట్టారు. ఆ వెంటనే స్కోల్స్ 29 ఏళ్లకే దేశం తరఫున ఆడటం మానేశాడు.

స్థానం మార్చి గెలిచిన కథ మన దగ్గరే ఉంది. 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో భారత కోచ్ హైదరాబాదీ సయ్యద్ అబ్దుల్ రహీమ్. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. రహీమ్ సాబ్ అతన్ని పక్కన పెట్టలేదు, సెంటర్ ఫార్వర్డ్‌గా దింపారు. ఫైనల్‌లో దక్షిణ కొరియాపై 2-1తో భారత్ గోల్డ్ కొట్టింది. ఆ రెండు గోల్స్‌లో ఒకటి జర్నైల్‌దే. రహీమ్ సాబ్ జీవితంపై 2024లో వచ్చిన 'మైదాన్' సినిమా చూసినవాళ్లకి ఈ కథ తెలిసే ఉంటుంది.

ఈ మూడింటిలోనూ కనిపించేది ఒకటే. ఆటగాడు ఎంత గొప్పవాడన్నది తర్వాతి మాట. అతను కొత్త చోటికి వెళ్తే, వదిలేసిన చోటు ఎవరు చూసుకుంటారన్న దానికి కోచ్ దగ్గర ముందే జవాబు ఉండాలి. ఆర్టెటాకి ఇది కొత్త పాఠం కాదు. ఎవర్టన్‌లో ముందు ఆడిన అతను, 2011లో ఆర్సెనల్‌కి వచ్చాక డిఫెన్స్ ముందుకి దిగి ఆడినవాడే.

తొలి మ్యాచ్‌లో ఏం చూడాలి?

2025 ఆగస్టు 17 ఆదివారం ఓల్డ్ ట్రాఫోర్డ్‌లో మాంచెస్టర్ యునైటెడ్‌తో ఆర్సెనల్ సీజన్ మొదలైంది. మన టైమ్ ప్రకారం రాత్రి 9 గంటలకు కిక్కాఫ్. ఎవరి వాదన నెగ్గిందో తెలియాలంటే లైనప్ గ్రాఫిక్ చూస్తే సరిపోదు. ఈ మూడు గమనించండి.

ఒకటి.. గోల్‌కీపర్ రాయా చేతికి బంతి వచ్చినప్పుడు దగ్గరికి వచ్చి అడిగేది ఎవరు? జుబిమెండి ఒక్కడేనా, రైస్ కూడానా?

రెండు.. ఎడమ వింగ్‌లో బంతి ఉన్నప్పుడు రైస్ బాక్స్‌లో ఉన్నాడా? లెఫ్ట్ బ్యాక్ వెనకున్న ఖాళీని కాస్తున్నాడా?

మూడు.. ఎటాక్‌లో బంతి పోగొట్టుకున్న క్షణంలో డిఫెండర్ల ముందు ఆర్సెనల్ ఆటగాళ్లు ఎంతమంది ఉన్నారు? ఇద్దరుంటే ప్లాన్ కుదిరినట్టు. ఒక్కడే ఉంటే, ఆ ఒక్కడూ జుబిమెండి అయితే.. ఈ గొడవ వాట్సాప్ గ్రూపుల్లో సీజన్ మొత్తం నడుస్తుంది!